ఫోనుతోపాటు వచ్చిన యాపులు: వాటి నడక, తొలగింపు

కొత్త స్మార్టుఫోను కొని, పెట్టె విప్పి, మొదటిసారి మీట నొక్కినప్పుడు అది తుడిచిన పలకవలె ఉండదు. మాట్లాడుటకు, సందేశాలు పంపుటకు, ఫొటోలు తీయుటకు కావలసిన సాధనాలతోపాటు, కొన్నవారు అడగని ఆటలు, అంగళ్లు, వార్తల పేజీలు అందులో వరుసగా కనబడతాయి. వాటిలో ఒకదానిపై వేలు నొక్కిపెట్టి తొలగించబోతే, తరువాత వేసికొన్న యాపులకు కనబడే 'అన్‌ఇన్‌స్టాల్' అనే మాట వీటికి చాలాసార్లు కనబడదు. 'డిజేబుల్' అని మాత్రం ఉంటుంది. కొన్నిటికి అదికూడా ఉండదు. సైకిలుకు వెనుక క్యారియరు అక్కరలేకపోతే స్పానరుతో విప్పివేయవచ్చును. డబ్బిచ్చి కొన్న ఫోనులోని ఒక భాగాన్ని కొన్నవాడే తీయలేకపోవడం వింతగానే తోస్తుంది. ఇది ఎందుకు ఇట్లున్నది, ఈ యాపులు కనబడకుండా చేసే పని ఏమి, వాటిని ఎంతవరకు వదిలించుకొనవచ్చును అనేవి తెలిసికొనదగిన విషయాలు.

మన దేశంలో వాడుకలో ఉన్న ఫోనులలో అధికభాగం ఆండ్రాయిడ్ అనే వ్యవస్థపై నడుస్తున్నవి. ఈ వ్యవస్థతో మొదటి ఫోను 2008లో బజారుకు వచ్చింది. ఒక ఫోనులో ముందే చేరి ఉండే యాపులకు ముగ్గురు కర్తలు ఉంటారు. మొదటివారు ఆండ్రాయిడ్‌ను పోషిస్తున్న గూగుల్ కంపెనీ. రెండవవారు ఫోనును తయారుచేసిన కంపెనీ. మూడవవారు తయారీదారుతో ఒప్పందం చేసికొని, తరచు సొమ్ము చెల్లించి, తమ యాపును అందులో పెట్టించుకొన్న బయటివారు. చౌకఫోనులపై తయారీదారుకు మిగిలే లాభం స్వల్పం. ఆ లోటులో కొంత ఈ మూడవ మార్గాన పూడుతుంది. కనుక ఫోను ఖరీదులో కొంతభాగాన్ని కొనుగోలుదారు తనకు తెలియకుండానే మరొక రూపంలో చెల్లిస్తున్నాడని చెప్పవచ్చును.

కొన్నవారు తరువాత వేసికొనే యాపులకు, పుట్టుకతో వచ్చిన యాపులకు మధ్య ఒక ముఖ్యమైన భేదం గలదు. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాపుకు విడిగా ఒక సంఖ్య ఇచ్చి, దానిని ఒక గదిలో ఉంచినట్లు ఉంచుతారు. ఒక యాపు మరొక యాపు గదిలోకి తొంగిచూడలేదు. కెమెరా, మైకు, ఫోను నంబర్ల పట్టిక, ఉన్నచోటు వంటివి కావలెనంటే అనుమతి అడగవలెను. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుండి ఈ అనుమతిని యాపు నడిచేటప్పుడే అడిగే పద్ధతి ఏర్పడింది. తయారీదారు వేసి ఉంచిన యాపులలో కొన్నిటికి మాత్రం ప్రత్యేకాధికారాలు ఉంటాయి. బయటి యాపులకు ఎన్నడూ దొరకని అనుమతులు వాటికి పుట్టుకతోనే లభిస్తాయి, ఎవరినీ అడగనక్కరలేదు. ఫోనులో కొత్త యాపులను ఎవరికీ చెప్పకుండా వేయగల అధికారంకూడా ఇటువంటిదే.

ఈ అధికారం దుర్వినియోగమైతే ఏమగునో 2016 నవంబరులో లోకానికి తెలిసింది. అమెరికాలో బ్లూ అనే కంపెనీ అమ్మిన 'ఆర్1 హెచ్‌డి' అనే చౌకఫోనును క్రిప్టోవైర్ అనే భద్రతా సంస్థ పరీక్షించింది. ఆ ఫోనులో సాఫ్టువేరును ఎప్పటికప్పుడు నవీకరించుటకు చైనాలోని షాంఘైకి చెందిన అడప్స్ అనే కంపెనీ ప్రోగ్రాము ఒకటి చేరి ఉన్నది. నవీకరణ చేసే ప్రోగ్రాము కనుక దానికి విస్తారమైన అధికారాలు ఉండడం సహజమే. అయితే అది ఆ పనితో ఆగలేదు. ఫోనులోని సందేశాలను పూర్తిపాఠంతో, పేర్ల పట్టికను, ఎవరెవరితో మాట్లాడినదీ తెలిపే చిట్టాను మూటకట్టి, సందేశాలను 72 గంటలకొకసారి చొప్పున చైనాలోని కంప్యూటర్లకు పంపుతున్నది. తెరపై దాని గుర్తు ఏదీ లేదు. సుమారు 1,20,000 ఫోనులు దీనికి లోనైనవని బ్లూ కంపెనీయే ఒప్పుకొన్నది. చైనాలోని ఒక ఖాతాదారు పనికిరాని సందేశాలను ఏరివేయుటకై కోరగా తయారుచేసిన ప్రోగ్రాము పొరపాటున ఈ ఫోనులలో చేరినదని అడప్స్ సంజాయిషీ చెప్పింది. ప్రోగ్రామును ఆ పని మాన్పించారు. 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో బ్లూ కంపెనీ రాజీ కుదుర్చుకొన్నది. కొన్నవారిలో ఎవరూ ఆ ప్రోగ్రామును వేసికొనలేదు, దాని పేరు వినలేదు. అది ఉన్నదని తెలిసినా మామూలు పద్ధతిలో తీసివేయగలిగేవారు కారు.

ఇది ఒకే ఒక ఫోను కథ కాదని స్పెయిను దేశపు పరిశోధకులు ఆధ్వర్యం వహించిన ఒక పరిశీలన చూపింది. 2019లో వెలువడిన ఆ పరిశీలనలో 200కు పైగా కంపెనీల 1,700కు పైగా ఫోను నమూనాల నుండి 82,000కు మించిన ముందే చేరిన యాపులను సేకరించి శోధించారు. వాటిలో ప్రకటనలకు, జాడ తీయుటకు సంబంధించిన బయటి కంపెనీల ప్రోగ్రాములు విరివిగా ఉన్నట్లు, వాటి గురించి కొన్నవారికి తెలిసే మార్గం చాలా తక్కువగా ఉన్నట్లు తేలింది. అయితే ముందే చేరిన యాపు అంటే దొంగ యాపు అని అర్థం కాదు. అధికభాగం నిజంగా అవసరమైనవే. ఏది అవసరం, ఏది కాదు అనేది బయటినుండి తెలియకపోవడమే చిక్కు.

ఉన్నచోటు, ఫోను నమూనా, భాష వంటి చిన్న చిన్న విషయాలు బయటికిపోతే నష్టమేమి, అందులో పేరు లేదు గదా అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు గణితంలో ఉన్నది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఆటగా ఆడించవచ్చును. వేయిమంది ఉన్న బడిలో ఒక విద్యార్థిని మనసులో తలచుకొమ్మని చెప్పి, అవును-కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు మాత్రమే వేయవలెను. ప్రతి ప్రశ్న మిగిలినవారిని సరిగా సగానికి తెగ్గోసేదైతే 10 ప్రశ్నలలో ఆ విద్యార్థి పట్టుబడతాడు. 2ను పదిసార్లు గుణిస్తే 1,024 వస్తుంది గనుక. దేశమంతటిలో, అనగా 140 కోట్లకు పైబడిన జనంలో, ఒక మనిషిని పట్టుకొనుటకు ఎన్ని ప్రశ్నలు కావలెను? లక్షల ప్రశ్నలని పిల్లలు ఊహిస్తారు. నిజానికి 31 చాలును. 2ను 31 సార్లు గుణిస్తే 2,14,74,83,648. భూమిపై ఉన్న మనుష్యులందరిలో ఒకరిని వేరుచేయుటకు 33 ప్రశ్నలు సరిపోతాయి. ఆ సంఖ్య 8,58,99,34,592. బడినుండి ప్రపంచానికి పోవుటకు అదనంగా పట్టినవి 23 ప్రశ్నలే.

ఫోను నుండి వెళ్లే ప్రతి చిన్న విషయం ఇటువంటి కొన్ని ప్రశ్నలకు జవాబు. 64 మందిలో ఒకరివద్దనే ఉండే ఫోను నమూనా 6 ప్రశ్నలకు సమానం. తెర భాషగా తెలుగును ఎంచుకొని ఉంటే అది మరికొన్ని ప్రశ్నలను తీర్చివేస్తుంది. ఆంధ్ర, తెలంగాణలలో ఈ జవాబుతో పెద్దగా తెలిసేది లేదుగాని, అమెరికాలోని ఒక చిన్న పట్టణంలో తెలుగు తెరతో ఉన్న ఫోనులు ఎన్ని ఉంటాయి? అక్కడ ఈ ఒక్క జవాబే వెదికేవారిని వీధిదాకా తీసికొనిపోవచ్చును. అన్నిటికంటె ఎక్కువ చెప్పేది ఉన్నచోటు. 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది ఫోనుల 15 నెలల సంచారపు లెక్కలను పేర్లు తీసివేసి పరిశీలించారు. గంటకొకసారి, దగ్గరి టవరు ఏదో మాత్రమే తెలిసిన ముతక లెక్కలవి. అయినా ఒక మనిషి ఏ నాలుగు వేళల్లో ఏ నాలుగు చోట్ల ఉన్నాడో తెలిస్తే, నూటికి 95 మందిని తక్కినవారినుండి వేరుపరచగలిగారు. రాత్రి ఉండే ఇల్లు, పగలు ఉండే బడి, ఈ రెండు చోట్లతోనే ఒక ఉపాధ్యాయుని గుర్తింపులో సగం పని అయిపోతుంది.

ఈ ముక్కలను అతికించుటకు ఒక దారం కావలెను. ఆ దారం ప్రకటన సంఖ్య. ఆండ్రాయిడ్ ఫోనుకు గూగుల్, ఐఫోనుకు యాపిల్ ఇచ్చే ఈ సంఖ్యలో 32 అక్షరాలు ఉంటాయి. ఒక్కొక్కటి 16 గుర్తులలో ఏదైనా కావచ్చును. ఒక ఫోనుకు వచ్చిన సంఖ్య మరొక ఫోనుకు వచ్చే అవకాశం లేనట్లే. ఆటల యాపు ఒక విషయం, వాతావరణపు యాపు మరొక విషయం, అంగడి యాపు ఇంకొకటి చెప్పినా, మూడూ ఒకే సంఖ్యను జతచేసి పంపితే ఆ మూడు ముక్కలు ఒకే మనిషివని అవతలివారికి తెలిసిపోతుంది.

ఇక, ఈ యాపులు తొలగకపోవుటకు కారణం చూడవలెను. ఫోనులోని నిల్వచోటు అంతా ఒకటే కాదు. అది విభాగాలుగా ఉంటుంది. వ్యవస్థ, ముందే చేరిన యాపులు ఒక విభాగంలో ఉంటాయి. అది చదువుటకే గాని మార్చుటకు వీలులేనిది. వాడేవారి ఫొటోలు, సందేశాలు, తరువాత వేసికొన్న యాపులు వేరొక విభాగంలో ఉంటాయి. మొదటిది అచ్చువేసిన పాఠ్యపుస్తకం వంటిది. రెండవది విద్యార్థి నోటుపుస్తకం వంటిది. ఫోనును 'ఫ్యాక్టరీ రీసెట్' చేస్తే నోటుపుస్తకం చెరిగిపోతుంది. పాఠ్యపుస్తకం అట్లే ఉంటుంది. రీసెట్ చేస్తే అక్కరలేని యాపులు పోతాయనే నమ్మకం చాలామందిలో ఉన్నది. నిజం దానికి సరిగా వ్యతిరేకం.

ఆ పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ చింపినా ఫోను కనిపెట్టే ఏర్పాటు ఒకటి గలదు. ఇది చాలా అందమైన గణిత విధానం. వ్యవస్థ విభాగాన్ని 4,096 బైట్ల చిన్న దిమ్మెలుగా కోసి, ఒక్కొక్క దిమ్మెనుండి లెక్కకట్టి 32 బైట్ల సంగ్రహ సంఖ్యను తీస్తారు. దిమ్మెలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఒక గిగాబైటు విభాగంలో 2,62,144 దిమ్మెలు ఉంటాయి. వాటి సంగ్రహ సంఖ్యలను దిమ్మెకు 128 చొప్పున పేరిస్తే 2,048 దిమ్మెలు అవుతాయి. వీటికి మళ్లీ సంగ్రహ సంఖ్యలు తీసి పేరిస్తే 16 దిమ్మెలు. మరొకసారి చేస్తే ఒకే దిమ్మె. దాని సంగ్రహ సంఖ్య 32 బైట్లు మాత్రమే. ఒక చెట్టు ఆకులనుండి రెమ్మలకు, రెమ్మలనుండి కొమ్మలకు, చివరకు మొదలుకు దిగినట్లు, విభాగమంతటి నిజానిజాలు ఆ ఒక్క సంఖ్యలో ఇమిడిపోతాయి. దానిపై తయారీదారు తన రహస్య సంకేతంతో ముద్ర వేస్తాడు. ఫోను వెలిగేటప్పుడు ఆ ముద్రను, తరువాత చదివే ప్రతి దిమ్మెను సరిచూసుకొంటుంది. ఏదైనా సరిపోకపోతే వెలగడానికి నిరాకరిస్తుంది. ఇదంతా దొంగ ప్రోగ్రాములు వ్యవస్థలో చొరబడకుండా చేసిన కట్టుదిట్టం. ఇంటికి వేసిన ఈ తాళమే అడగని అతిథినికూడా లోపల భద్రంగా ఉంచుతున్నది.

ఇది సాంకేతికమైన అడ్డు. దానికి వెనుక వ్యాపారపు అడ్డుకూడా ఉన్నది. గూగుల్ తన యాపులను ఫోను తయారీదారులకు విడివిడిగా గాక మూటగా ఇస్తున్నదనే అభియోగంపై 2018లో యూరోపియన్ కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా విధించింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ముందే వేసిన తన యాపులను వాడేవారు తీసివేయకుండా గూగుల్ అడ్డుకొనరాదని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, కొన్ని ఆదేశాలను కొట్టివేసింది. తీసివేతకు సంబంధించిన ఆదేశం కొట్టివేసినవాటిలో ఒకటి. ప్రభుత్వం కోరిన యాపు విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. 2025 నవంబరు చివర కేంద్ర టెలికాం శాఖ, పోయిన ఫోనులను, మోసపు నంబర్లను పట్టుకొనుటకు తోడ్పడే 'సంచార్ సాథీ' యాపును కొత్త ఫోనులన్నిటిలో ముందే వేయవలెనని తయారీదారులకు ఉత్తరువిచ్చింది. గోప్యత దృష్ట్యా విమర్శలు రాగా డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని తొలగించింది. వ్యక్తి గోప్యత రాజ్యాంగపు 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పి ఉన్నది.

తొలగింపు పనిలో సులభమైన మెట్లు ముందు ఎక్కవలెను. తరచు అవే చాలును. సెట్టింగులలో 'ప్రైవసీ' కింద 'యాడ్స్' అనే చోట ప్రకటన సంఖ్యను చెరిపివేసే అవకాశం ఉన్నది. ఇది 2021 చివరనుండి వచ్చినది. చెరిపిన తరువాత ఏ యాపు ఆ సంఖ్యను అడిగినా 32 సున్నలు వెళతాయి. కోట్లమంది పంపే సున్నలలో ఎవరివి ఎవరివో తెలియదు. ఐఫోనులలో 2021 ఏప్రిలు నుండి ప్రతి యాపు ఈ సంఖ్యకై ముందుగా అడిగి తీరవలెను. తరువాత అనుమతుల పట్టిక చూడవలెను. పన్నెండవ ఆండ్రాయిడ్ నుండి గత 24 గంటలలో ఏ యాపు ఎప్పుడు మైకును, కెమెరాను, ఉన్నచోటును వాడుకొన్నదో చూపే పేజీ ఉన్నది. క్యాలిక్యులేటరుకు ఉన్నచోటుతో పనియేమి? దీపపు యాపుకు పేర్ల పట్టిక ఎందుకు? ఇటువంటి ప్రశ్నలు పిల్లలే బాగా వేస్తారు. ఆపై అక్కరలేని ప్రతి యాపునూ 'డిజేబుల్' చేయవలెను. డిజేబుల్ అయిన యాపు ఫోనులో ఉన్నా నడవదు. నడవనిది ఏమీ పంపలేదు.

డిజేబుల్ మాటకూడా లేని యాపులకు కంప్యూటరు సాయం కావలెను. ఫోను వివరాల పేజీలో 'బిల్డ్ నంబరు' అనే పంక్తిని ఏడుసార్లు తాకితే డెవలపర్లకు ఉద్దేశించిన సెట్టింగులు తెరుచుకొంటాయి. అందులో 'యుఎస్‌బి డీబగ్గింగ్' అనేదాన్ని అనుమతించి, ఫోనును తీగతో కంప్యూటరుకు కలిపి, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏడీబీ అనే సాధనంతో ఫోనుకు ఆజ్ఞలు పంపవచ్చును. ఇక్కడ పనికివచ్చేది లినక్స్ వ్యవస్థకు యునిక్స్ నుండి సంక్రమించిన పాత ఆలోచన, ఒకే యంత్రాన్ని పలువురు వాడుకొనవచ్చుననేది. ఫోనులో ఒక్కరే ఉన్నా ఆ ఒక్కరికి వ్యవస్థ సున్న అనే సంఖ్య ఇస్తుంది. 'సున్న సంఖ్యగల వాడుకదారుకు ఈ యాపును తీసివేయుము' అని ఆజ్ఞాపిస్తే, పాఠ్యపుస్తకంలోని పేజీ చిరగదు. ఆ విద్యార్థి పాఠాల జాబితానుండి మాత్రం ఆ పాఠం కొట్టివేయబడుతుంది. ముద్ర చెడదు గనుక ఫోనుకు అభ్యంతరం ఉండదు. యాపు నడవదు, కనబడదు. అదే కారణంచేత వ్యవస్థ విభాగంలో చోటేమీ కలిసిరాదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే యాపు తిరిగి వస్తుంది. పొరపాటు జరిగితే మరొక ఆజ్ఞతో వెనుకకు తెచ్చుకొనవచ్చును.

పొరపాట్లు జరుగుతాయి. కొత్తగా ఈ విద్య నేర్చినవారికి కనబడినదంతా కొట్టివేయవలెననే ఉత్సాహం కలుగుతుంది. మరమ్మతు దుకాణాలకు బేరం ఇట్లే వస్తుంది. మరొక కీబోర్డు వేసికొనకుండా ఉన్న కీబోర్డును తీసివేస్తే, ఫోనుకు పెట్టుకొన్న పాస్‌వర్డు కొట్టుటకే వీలుకాదు. తెర నడిపే యాపు, సెట్టింగులను దాచే యాపు, యాపులను వేసే యాపు, సిమ్‌కు సంబంధించినవి ముట్టరాదు. కొన్ని కంపెనీల ఫోనులలో తయారీదారు రక్షణ యాపును తీసివేస్తే ఫోను పదేపదే వెలిగి ఆరిపోతూ ఉండవచ్చును. గూగుల్ ప్లే సర్వీసెస్‌ను తొలగిస్తే సందేశాల సూచనలు, పటాలు, బ్యాంకు యాపులు కుంటుపడతాయి. అందుచేత ముందుగా ఫొటోలు, సందేశాలు మరొకచోట భద్రపరచుకొని, ఒక్కొక్క యాపు ప్యాకేజీ పేరును కాగితంపై రాసుకొని, ఒకదానిని తీసి, ఫోనును ఆర్పి వెలిగించి, రెండుమూడు రోజులు చూసి, తరువాత రెండవదానికి పోవలెను. పని ముగిసిన వెంటనే యుఎస్‌బి డీబగ్గింగ్‌ను మూయవలెను. దానిని తెరచి ఉంచితే కొన్ని బ్యాంకు యాపులు తెరుచుకొనవు; అంతకుమించి, ఫోను చేజిక్కినవారికి అది పెరటి తలుపు.

ఇంత చేసినా మిగిలేది కొంత ఉంటుంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు చెందిన డగ్లస్ లీత్ 2021లో చేసిన కొలతలలో, ఎవరూ ముట్టక బల్లపై పడి ఉన్న ఆండ్రాయిడ్ ఫోను, ఐఫోను రెండూ సగటున నాలుగున్నర నిమిషాలకొకసారి తమ కంపెనీలతో మాట్లాడుతున్నట్లు తేలింది. ఆ లెక్కన రోజుకు 320 సార్లు. ఫోను సరిగా పనిచేయుటకు ఇది అవసరమని, కొలిచిన పద్ధతి సరికాదని గూగుల్ వాదించింది. ఈ మాటలు యాపులవి కావు, వ్యవస్థవి. కనుక యాపులను తీసినంత మాత్రాన ఆగవు. తయారీదారు వ్యవస్థనే తీసివేసి మరొకటి వేసేవారు ఉన్నారు. కాని అందుకు ముద్రను సరిచూసే తాళాన్ని తెరవవలెను. ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది, బ్యాంకు యాపులు మొరాయించవచ్చును. రోజూ ఫోనుతోనే చెల్లింపులు చేసే ఇంట్లో దీనికి పూనుకొనకపోవడమే మేలు. టవరు సంగతి వేరు. ఫోనుకు పిలుపు రావలెనంటే అది ఏ టవరు పరిధిలో ఉన్నదో నెట్‌వర్కుకు తెలిసి ఉండవలసినదే.

వ్యవస్థ పెద్దగా నవీకరింపబడినప్పుడు తీసివేసిన యాపులలో కొన్ని తిరిగి కనబడటం, కొత్తవి చేరటం జరుగుతుంది. ప్యాకేజీ పేర్లు రాసుకొన్న కాగితాన్ని పారవేయక దాచినవారికి అప్పుడు పది నిమిషాల పని మిగులుతుంది.